బోనస్ లెక్క తేల్చిన జెరాక్స్ కొట్టు, గిరి రోడ్డు, బరంపురం

బోర్డు మీద జెరాక్స్, టైపింగ్, లామినేషన్ అనే ఉంటుంది. బోనస్ లెక్కలు కూడా కడతారని నాకూ తెలీదు. పాన్ కార్డు జెరాక్సుకి వెళ్తే, నా ముందున్నాయన కాగితం మీద బోనస్ 8.33 శాతం అని కనబడింది. అక్కడే ఆగిపోయాను.

పదకొండేళ్లుగా పట్టుచీరల షాపులో సేల్స్‌మన్‌ని. దసరాకి మా సావుకారు స్వీట్ బాక్సు, షర్టు పీసు, కవర్లో 2,000 పెట్టి ఇస్తాడు. బోనస్ అంటే అదే అనుకునేవాళ్లం. 2024లో ధైర్యం చేసి అడిగితే "ఇరవై మంది లేని షాపుకి బోనస్ చట్టం లేదురా" అన్నాడు. లెక్కపెట్టుకుంటే నిజమే, పద్నాలుగు మందిమే ఉన్నాం.

కొట్టు పెద్దాయన ఒరియా మనిషి. తెలుగు మాత్రం మనకంటే గట్టిగా మాట్లాడతాడు. నా గోడంతా విని ఒక్కటే అడిగాడు: "మీ సావుకారికి ఇంకో షాపు లేదేటి తమ్ముడూ?"

ఉంది. ఛత్రపురంలో. అక్కడ తొమ్మిది మంది.

"రెంటికీ లెక్కలు ఒకటేనా, వేరువేరా?"

ఒకే గుమస్తా, ఒకే ఖాతా. జీతాలూ ఆయనే పంచుతాడు.

"మరి 23 అయ్యారు కదా!" 1965 నాటి బోనస్ చట్టం ప్రకారం, విడిగా లాభనష్టాల లెక్క లేకపోతే బ్రాంచి కూడా అదే సంస్థ కిందికి వస్తుందట. పదకొండేళ్లలో ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు.

తర్వాత నా జీతం చీటీ అడిగాడు. పెన్సిల్‌తో ఇంటద్దె కొట్టేశాడు, ఓవర్‌టైమ్ కొట్టేశాడు. బేసిక్, డీఏ (కరువు భత్యం) కలిపి 11,000 మిగిలింది. నెలకి 21,000 దాటలేదు, ఏడాదిలో 30 రోజులకి మించే పనిచేశాను, కాబట్టి నాకు వస్తుంది. అయితే లెక్క 11,000 మీద కట్టరు. 7,000 గానీ, మన పనికి సర్కారు పెట్టిన కనీస వేతనం గానీ, ఏది ఎక్కువైతే దాని మీద. ముందు 7,000తో వేసి చూపించాడు: ఏడాదికి 84,000, అందులో 8.33 శాతం అంటే 6,997. తర్వాత ఫోన్లో కనీస వేతనం పట్టిక తీసి మళ్లీ వేశాడు. తొమ్మిది వేలు దాటింది. కేలిక్యులేటర్ నా చేతికిచ్చి "నువ్వూ కొట్టి చూసుకో" అన్నాడు.

"ఈ ఏడు నష్టమొచ్చింది అంటాడు కదా?" అన్నాను. నష్టమొచ్చినా 8.33 ఇవ్వాల్సిందే, మిగులు బాగుంటే 20 శాతం దాకా పెరుగుతుంది అన్నాడు. ఒక్కటి మాత్రం నాకు రుచించలేదు. దసరాకి ఇచ్చిన 2,000 సావుకారు ఇందులోంచి మినహాయించుకోవచ్చట. స్వీట్ బాక్సు సంగతేటని అడిగితే నవ్వేశాడు.

లేబర్ ఆఫీసుకి అర్జీ కొట్టించుకుందాం అనుకున్నాను గానీ, ముందు సావుకారుకే ఉత్తరం రాయమన్నాడు. లెక్కల ఏడాది మార్చి 31తో ముగిస్తే ఎనిమిది నెలల్లోపు, అంటే నవంబరు 30 లోగా ఇవ్వాలి. అప్పటికీ ఇవ్వకపోతే ఆఫీసుకి వెళ్లడానికి ఏడాది టైముంది, తొందరపడి మనిషిని దూరం చేసుకోకు అన్నాడు. ఉత్తరం ఇంగ్లీషులో కొట్టి, ఒక్కో వాక్యం నాకు తెలుగులో చదివి వినిపించాకే సంతకం పెట్టించాడు.

లోపాలూ చెప్పాలి. తెలుగు టైపింగ్ లేదు. కూర్చోడానికి ఒకటే బెంచీ, అదీ ఒక కాలు ఊగుతుంది. పక్క కొట్టులో జెరాక్సు రెండు రూపాయలైతే ఇక్కడ మూడు. నా పని మధ్యలో ఆపి ఎవరిదో ఆధార్ కార్డు లామినేషన్ చేస్తూ కూర్చున్నాడు, ముప్పావు గంట పోయింది. ఉత్తరానికి, లెక్కకి కలిపి 200 తీసుకున్నాడు. దానికి నాకు బాధ లేదు.

సావుకారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. నవంబరు 28న గుమస్తా పిలిచి, 2,000 పోను మిగతాది లెక్కపెట్టి ఇచ్చి రిజిస్టర్లో సంతకం తీసుకున్నాడు. మిగతా 22 మందికీ అలాగే. ఛత్రపురం వాళ్లయితే ఎందుకిస్తున్నారో తెలీకుండానే సంతకాలు పెట్టేశారు.

2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టం పోయి వేతనాల కోడ్ అనే కొత్త చట్టం వచ్చింది. పైన చెప్పిన లెక్కలు, గడువులు పాత చట్టానివి. 8.33 మాత్రం అలాగే ఉంది. వెళ్లేవాళ్లు జీతం చీటీ పట్టుకెళ్లండి, లేకపోతే ఆయన పెన్సిల్ తీయడు. సాయంత్రం ఆరు దాటాక మాత్రం వెళ్లకండి, పక్కనే బారా, అంటే వడల, బండి పెడతారు, ఆయన ఉండేది అక్కడే.