పీఎస్ స్ప్రే, క్విక్‌రన్ 1060: టీటీ-02 మీద చాలాకాలం వాడాక

టామియా టీటీ-02 రిమోట్ కారుకి లెక్సన్ (వంగే పారదర్శక పాలీకార్బనేట్ ప్లాస్టిక్) బాడీ వేసుకునేవాళ్లు టామియా స్ప్రే రంగుల్లో పీఎస్ డబ్బానే కొనండి, టీఎస్ వద్దు. టీఎస్ గట్టి ప్లాస్టిక్ కిట్ల కోసం చేసింది. లెక్సన్ మీద కొత్తలో బాగానే కనిపిస్తుంది కానీ, కారు నాలుగు దెబ్బలు తినగానే పొలుసులుగా రాలుతుంది. పీఎస్ మాత్రం బాడీ ఎటు వంగితే అటు వంగుతుంది. నా కారుకి ముందు బంపర్ దగ్గర లెక్సన్ చీలింది, రంగు మాత్రం చీలిక అంచు దాకా పట్టుకునే ఉంది.

అయితే సరిగ్గా కడగకపోతే ఏ రంగూ నిలవదు. కొత్త బాడీ లోపల తయారీ అచ్చు నుంచి అంటిన జిడ్డు ఉంటుంది. గిన్నెలు తోమే లిక్విడ్, గోరువెచ్చని నీళ్లు, మెత్తటి స్పాంజితో కడిగి ఆరబెట్టండి. ఆ తర్వాత లోపల వేలు తగలకూడదు. అసిటోన్, థిన్నర్ అసలు వాడొద్దు, లెక్సన్ సన్నగా చిట్లిపోతుంది. బాడీ బయట అంటించి వచ్చే పల్చటి ఫిల్మ్ రంగు వేశాక ఆఖర్న తీయండి.

రంగు బాడీ లోపలి నుంచి కొడతాం కాబట్టి మొదట పడిన రంగే బయటికి కనిపిస్తుంది. అందుకే ముదురు రంగు ముందు, లేత రంగు తర్వాత. తలకిందులైతే లేత రంగు వెనక నలుపు పడి మకిలగా కనిపిస్తుంది. డబ్బాని కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచి, బాగా ఊపి, 25-30 సెం.మీ. దూరం నుంచి పల్చగా కొట్టండి. మొదటి పూతలోంచి అవతలి వైపు కనిపిస్తూ ఉండాలి. ఒకేసారి దట్టంగా కొడితే రంగు హద్దుకి అంటించిన టేపు కిందికి పాకుతుంది, లెక్సన్ పెళుసెక్కుతుంది. ఫ్లోరోసెంట్ రంగుల వెనక పీఎస్-1 తెలుపు తప్పనిసరి. అయినా ఆ రంగులు ఎండకి వెలుస్తాయి, కాబట్టి కారుని కిటికీ దగ్గర పెట్టకండి. డబ్బాలో 100 మి.లీ. మాత్రమే ఉండటం నాకు నచ్చని విషయం; వెనక పూతకి ఇంకో డబ్బా కొనాల్సిందే. విశాఖ, కాకినాడ వైపు వానాకాలంలో గాలి తేమకి రంగు తెల్లగా మసకబారుతుంది. పొడిగా ఉన్న రోజు దాకా ఆగండి.

ఇక వైరింగ్. మోటార్ వేగాన్ని అదుపు చేసే పరికరం (ఈఎస్‌సీ) క్విక్‌రన్ 1060. కారులోని 540 సైజు బ్రష్డ్ మోటార్‌కి అది ధారాళంగా సరిపోతుంది. ప్రోగ్రామింగ్ కార్డు అక్కర్లేదు, రెండు జంపర్లే (పిన్నుల మీద మార్చి గుచ్చే చిన్న తొడుగులు): ఒకటి బ్యాటరీ రకానికి, రెండోది రివర్స్‌కి. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ మొదటిదాన్ని చూసుకోండి. 2ఎస్ లైపో (రెండు సెల్స్ లిథియం పాలిమర్ బ్యాటరీ) పెట్టి జంపర్ని నికెల్ బ్యాటరీ వైపు వదిలేస్తే ఛార్జ్ మరీ తగ్గకముందే కరెంటు ఆపే కటాఫ్ సమయానికి పడక సెల్స్ పాడవుతాయి.

బ్యాటరీ వైరుకి ఉండే పాత తరహా తెల్ల ప్లగ్ తీసేసి ఎక్స్‌టీ60 కనెక్టర్ వేయండి. తెల్ల ప్లగ్ పిన్నులు వదులైతే వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కావాలి, చిన్నదైతే టంకం పైపైనే అతుక్కుంటుంది. ముందు వైరుకి హీట్‌ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) తొడగండి. వైరుకీ, కనెక్టర్ వెనకుండే చిన్న లోహపు కప్పుకీ విడివిడిగా టంకం పట్టించి తర్వాత కలపండి. ఆ సేపూ జత ప్లగ్ గుచ్చి ఉంచితే వేడికి పిన్నులు పక్కకి జరగవు.

ముందు చక్రాలు తిప్పే స్టీరింగ్ సర్వో మోటార్ వణుకుతుంటే కారు మోటార్ కెపాసిటర్లు చూడండి. 104 అని రాసి ఉండేవి మూడు కావాలి: రెండు టెర్మినళ్ల మధ్య ఒకటి, ఒక్కో టెర్మినల్ నుంచి మోటార్ లోహపు డబ్బాకి ఒక్కోటి. ఆ మోటార్ డబ్బాని ముందు గరుకు కాగితంతో రుద్దితేనే టంకం పడుతుంది.

లైట్లకి కరెంటు, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్లో ఖాళీ ఛానల్ నుంచి ఇవ్వొచ్చు. మల్టీమీటర్‌తో కొలిస్తే అక్కడ 6 వోల్టులు వస్తే ఒక్కో తెల్ల ఎల్‌ఈడీకి 150 ఓమ్స్, ఎర్రదానికి 220 ఓమ్స్ రెసిస్టర్. అన్నిటికీ కలిపి ఒకే రెసిస్టర్ పెట్టొద్దు. వెనక బాడీ పోస్టు (బాడీని పట్టి ఉంచే కడ్డీ) పక్కన రెండు పిన్నుల కనెక్టర్ పెట్టుకుంటే, బాడీ ఎత్తినప్పుడు వైరు తెగదు.