కోటగిరిలో ఏడు వేసవులు: అద్దెకున్నవాడి మాట

మాది గుంటూరు. 2015లో బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. ఆ ఏడు మే నెల వడగాలులు చాలామందికి గుర్తుండే ఉంటాయి, రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా పోయారు. మా మేడ మీద ట్యాంకులో నీళ్ళు సాయంత్రం ఆరింటికి కూడా చెయ్యి పెట్టనిచ్చేవి కావు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళ సంగతేమోగానీ మా ఇన్వర్టర్ బ్యాటరీ మాత్రం ఉబ్బిపోయింది. మా ఆవిడ అప్పుడే అంది, "ఏమండీ, ఇక సెలవు అడగాల్సిన పని లేదు కదా, వచ్చే ఏడు ఎండలకి మనం ఇక్కడెందుకుండాలి?"

2016లో ఊటీ వెళ్ళాం. చల్లటి ఊరు అనగానే అందరికీ అదే గుర్తొస్తుంది, మాకూ అంతే. ఇల్లు చూపించిన బ్రోకరు ఫొటోల్లో అంతా బాగానే ఉంది. ఫొటోలో లేనివి మెట్లు. రోడ్డు మీంచి ఇంటికి దిగడానికి నలభై రెండు. పాలప్యాకెట్టు కోసం పొద్దున్నే ఎక్కి దిగితే నా మోకాళ్ళు ఆ పూటకి ఇంకేమీ చెయ్యనిచ్చేవి కావు. ఊటీ 2,240 మీటర్ల ఎత్తు. మే నెలలో కూడా రాత్రిళ్ళు రెండు రగ్గులు కప్పుకుని పడుకున్నాం. ఆ తడి చలికి మా ఆవిడ ఆయాసం ఎక్కువైంది. పైగా అది పూలప్రదర్శన నెల, బజారుకి వెళ్ళాలంటే కార్ల మధ్యలోంచి దూరి వెళ్ళాలి. నెలన్నరకే తిరిగొచ్చేశాం. అడ్వాన్సులో సగం ఇప్పటికీ రాలేదు, ఇక రాదు.

చల్లదనం ఒక్కటే చూసుకుంటే ఏమవుతుందో అలా తెలిసింది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. గుంటూరులో నలభై నాలుగు కాస్తూ ఉంటే మనకి కావలసింది పాతిక డిగ్రీలు, పన్నెండు కాదు. ఆ లెక్కన ఆ నీలగిరుల్లోనే, ఊటీకంటే నాలుగైదు వందల మీటర్లు తక్కువ ఎత్తులో ఉన్న కోటగిరి చూశాం. 2017 నుంచి అక్కడికే వెళ్తున్నాం. కరోనా వల్ల 2020, 2021 పోయాయి. 2025 వేసవితో ఏడు పూర్తయ్యాయి.

గుంటూరులో సాయంత్రం శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున్నకి కోయంబత్తూరు. అక్కణ్ణించి మేట్టుపాళయం, ఘాట్ రోడ్డు మీద ముప్పై చిల్లర కిలోమీటర్లు ఎక్కితే కోటగిరి. పచ్చటి తేయాకు, మధ్యమధ్య నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు. పగలు స్వెట్టర్ అక్కర్లేదు, రాత్రి ఫ్యాను అక్కర్లేదు. నీలగిరుల్లో తెల్లదొరల్లో మొదట ఇల్లు కట్టుకున్న కలెక్టరు జాన్ సలివన్ కూడా కోటగిరి పక్కన కన్నేరిముక్కులోనే కట్టుకున్నాడు. ఊటీ ఆ తర్వాతి సంగతి. ఆయనకి మోకాళ్ళ నొప్పులుండేవో లేదో గానీ, చోటు మాత్రం బాగా చూసుకున్నాడు.

ఇక వంటింటి సంగతి. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి మన దగ్గరకంటే ఐదోవంతు దాకా తక్కువ. నీళ్ళు నూరు డిగ్రీలకి కాదు, తొంభై నాలుగు దగ్గరే మరుగుతాయి. మొదటి ఏడు మా ఆవిడ కందిపప్పు గిన్నెలో పెట్టి గంటసేపు నిలబడింది. కుక్కర్ లేకుండా అక్కడ సంసారం కుదరదు. దోసెల పిండి రాత్రి రుబ్బి పెడితే పొద్దున్నకి పెట్టిన చోటే, పెట్టినంతే ఉంటుంది. పెరుగూ అంతే. "చలికి ఇది కూడా ముడుచుకుని కూర్చుందండీ" అని గిన్నె నా ముందు పెట్టి వంచి చూపించింది, పాలు కారాయి. ఇప్పుడు పాలు కొంచెం వేడి మీదే తోడు పెట్టి, గిన్నె చుట్టూ పాత శాలువా చుట్టి, బియ్యం డబ్బాలో దించుతుంది. తోడుకుంటుంది.

అన్నిటికంటే పెద్ద తగువు ఆవకాయ దగ్గర వచ్చింది. కాయ ముదిరి టెంక కట్టే సమయానికి మేం ఊళ్ళో ఉండం. 2018లో పంతం పట్టి కాయలు, కారం, ఆవపిండి, నూనె అన్నీ మోసుకెళ్ళి అక్కడే పెట్టింది. తుడిచి ఆరబెట్టిన ముక్కలు ఆ మంచుకి ఆరనే లేదు. పదిహేను రోజులకి జాడీ మూత తీస్తే పైన తెల్లగా బూజు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. అప్పటినుంచి తెనాలిలో వాళ్ళ చెల్లెలు పెడుతుంది, మా వాటా జాడీ జూన్లో వెళ్ళి తెచ్చుకుంటాం. వడియాల మాట మీరే ఊహించుకోండి.

బూజంటే గుర్తొచ్చింది. సీజన్లో మూడు నెలలకి అడిగే డబ్బుకి ఇంకొంచెం కలిపితే చిన్న పోర్షను ఏడాదంతా దొరుకుతుంది. టూరిస్టులకిచ్చే ఇళ్ళ వైపు కాకుండా ఊళ్ళోవాళ్ళుండే వైపు వెతకాలి. మేం అలాగే తీసుకున్నాం. కానీ తొమ్మిది నెలలు తాళం వేసి ఉన్న ఇల్లు ఏప్రిల్లో తెరిస్తే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. బీరువాలో వదిలిన తోలు బెల్టు మీద ఆకుపచ్చ నూగు, పరుపుకి ముసురు వాసన, చెక్క తలుపు ఉబ్బి సగం వరకే తెరుచుకోవడం. ఇప్పుడు పక్కింటి పెద్దావిడకి తాళం ఇచ్చి వస్తాం, ఆవిడ నీలగిరుల్లోనే ఉండే బడగవాళ్ళ మనిషి. నెలకి రెండుసార్లు కిటికీలు తీసి పెడుతుంది. బదులుగా గుంటూరు కారం రెండు కిలోలు, అంతకంటే పైసా ముట్టుకోదు. ఆవిడది బడగ భాష, కొంచెం తమిళం. మా ఆవిడది తెలుగు, కొంచెం సైగలు. అయినా సాయంత్రం గంటన్నర కబుర్లు నడుస్తాయి. నాకే అక్కడ మాట్లాడేవాడు లేడు. ఈ ఒంటరితనం మొదటి రెండేళ్ళు బాగా కొరికింది, దాచుకోవడం ఎందుకు.

అడవిదున్నలు తోటల్లోంచి నేరుగా పెరట్లోకి వస్తాయి. గేటు ముందు నిలబడితే అవి వెళ్ళేదాకా మనం ఇంట్లోనే. ఎలుగుబంట్లు దీపాల నూనె కోసం గుళ్ళ తలుపులు కూడా విరగ్గొడతాయక్కడ. నువ్వులనూనె డబ్బా వరండాలో పెట్టొద్దని ఇంటివాళ్ళు మొదటి రోజే చెప్పారు. చీకటి పడ్డాక నడక మానేశాం.

అసలు టెన్షన్ ఆసుపత్రి. 2023లో ఒక రాత్రి రెండింటికి నాకు గుండెల్లో పట్టేసినట్టయింది. దగ్గర్లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే డ్యూటీ డాక్టరు లేరు, ఉన్న కుర్రాడు కిందికి తీసుకెళ్ళమన్నాడు. కిందికి అంటే కోయంబత్తూరు, రెండు గంటల పైన, అందులో సగం మలుపులే. టాక్సీ అబ్బాయి పొగమంచులో హారన్ కొట్టుకుంటూ దింపాడు. చివరికి అది గ్యాసని తేలింది. కానీ ఆ రెండు గంటలూ మా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. గుండెకి స్టెంట్ వేసుకున్నవాళ్ళు, ఆయాసం ఎక్కువగా ఉన్నవాళ్ళు ముందు డాక్టరుని అడిగి, వారం ఉండి చూసి, ఆ తర్వాతే ఇల్లు వెతుక్కోండి.

కొనుక్కోవచ్చు కదా అని అందరూ అడుగుతారు. 2019లో ఐదు సెంట్లు చూశాం కూడా. అక్కడ కొండ ప్రాంతపు నిబంధనలున్నాయి, హాకా అనే కొండప్రాంతాల పరిరక్షణ సంస్థ అనుమతి అవసరమయ్యే చోట్లు చాలా ఉన్నాయి. మేం చూసిన దానికి కాగితాల్లో దారే లేదు. లాయరు ఫీజు ఇచ్చి బయటపడ్డాం, అదే మేలు. ఎప్పుడు వానలొస్తాయో కూడా చూసుకోవాలి. దొడ్డబెట్ట శిఖరం అడ్డుండటం వల్ల జూన్ వానలు కోటగిరిలో తక్కువ. అక్కడ గట్టి వానలు అక్టోబరు, నవంబరులో. 2009 నవంబరులో నీలగిరుల్లో కొండచరియలు విరిగి పదులమంది పోయారు. సొంత ఇల్లుంటే ఆ రెండు నెలలూ గుంటూరులో కూర్చుని అక్కడి వాన గురించి బెంగపడాలి.

మన రాష్ట్రంలోనే చూసుకోవచ్చు కదా అంటే, అరకు, లంబసింగి ఏజెన్సీ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు అక్కడ భూమి కొనకూడదు. పక్కవాడి పేరు మీద కొనిపిస్తామనేవాళ్ళు తగులుతారు, ఆ మాట వినొద్దు. హార్స్‌లీ హిల్స్ నాకిష్టమే, కానీ పైన చాలావరకు అడవిశాఖ భూమి. నాలుగు రోజులకి బాగుంటుంది, మూడు నెలలకి చాలదు.

సొంత కారులో వెళ్ళేవాళ్ళకి ఒక మాట. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి నీలగిరులకి ఈ-పాస్ పెట్టారు. 2025 వేసవిలో మామూలు రోజుల్లో ఆరు వేల వాహనాలకి, వారాంతాల్లో ఎనిమిది వేలకి పరిమితి పెట్టారు. పిల్లలు హైదరాబాదు నుంచి కారేసుకుని వస్తామంటే ముందు పాస్ తీసుకోమని చెప్పాల్సొస్తోంది. మేం బస్సులోనే ఎక్కుతాం, ఆ గొడవ లేదు.

వచ్చే ఏడు కూడా వెళ్తున్నాం. ఈసారి డెబ్బై ఒకటి నిండుతుంది నాకు, అందుకని మేట్టుపాళయంలో ఒక టాక్సీ అబ్బాయి నంబరు రాసి ఫ్రిజ్‌కి అంటించాను. రిజర్వేషను ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తున్నారు. ఏప్రిల్ ఇరవైకి బయల్దేరాలంటే ఫిబ్రవరి మూడో వారంలో పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. కింది బెర్తులు రెండు కావాలి. పోయినసారి ఒకటే దొరికితే రాత్రంతా నేను పైన పడుకున్నాను, ఎక్కడం ఎలాగో ఎక్కాను గానీ దిగడానికి పక్క కుర్రాడు పట్టుకోవాల్సొచ్చింది.