తొమ్మిదిన్నర వేలు పెడితే ఐదో వేలు కనిపించింది

ఈ 8×42 బైనాక్యులర్‌తో రెండు చలికాలాలు గడిచాయి కాబట్టి ఇప్పుడు రాయొచ్చు. ధర తొమ్మిదిన్నర వేలు. కర్నూలులో కొట్టాయన "20×50 తీసుకోండి సార్, చందమామ మీద గుంతలు కూడా కనపడతాయి" అన్నాడు. చందమామతో నాకేం పని? 20 రెట్లు పెద్దగా చూపించేది చేతి వణుకును కూడా అన్ని రెట్లూ చూపిస్తుంది. ఎగిరే గద్దకు 8 చాలు. 42 మిల్లీమీటర్ల అద్దం వల్ల పొద్దు వాలాక కూడా మసక అనిపించదు.

నేను వెళ్లేది రోళ్లపాడు. 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పాటైన అభయారణ్యం. బట్టమేక నా కంట పడలేదు గానీ, చలికాలం పిల్లిగద్దలు (ఇంగ్లీషులో హారియర్లు) వస్తాయి. సాయంత్రమయ్యేసరికి గడ్డిలో నేల మీదే పడుకోవడానికి దిగుతాయి. ఏ జాతో పోల్చుకోవడానికి మగవాటితో ఇబ్బంది లేదు. ఆడవి, పిల్లవి అన్నీ గోధుమ రంగే, అన్నిటికీ తోక మొదట్లో తెల్లమచ్చే. మన దగ్గర మామూలుగా కనిపించేవి పాలిడ్, మాంటగూ హారియర్లు. వాటి రెక్క చివర ఈకలు నాలుగు వేళ్లలా విడివడతాయి. దక్షిణాదిలో అరుదైన హెన్ హారియర్‌కు ఐదు. రెక్క కాస్త వెడల్పు, ఒళ్లు కాస్త బరువు.

మొదటి జనవరిలో ఒకటి గడ్డి మీద తేలుతూ వచ్చి నా ముందే మలుపు తిరిగింది. ఫోకస్ చక్రం పావు చుట్టు తిప్పితే చాలు, ఈకలు విడివిడిగా తేలాయి. ఐదు. రెండో మలుపులోనూ ఐదే. చేతులు వణికాయి, అది బైనాక్యులర్ తప్పు కాదు. పక్కన గొర్రెలాయన "ఏం చూస్తాండావ్ సార్, పిల్లిగద్దే కదా, దినామూ వస్తాది" అన్నాడు.

పక్షుల్ని గుర్తుపట్టే పుస్తకం తెరవకముందే టైము, వెలుతురు, దూరం, చూసిన గుర్తులు నోట్సులో రాసుకున్నాను. పుస్తకం చూశాక రాస్తే చూడనివి కూడా చూసినట్టే అనిపిస్తాయి. తర్వాత ఫోన్‌ను కంటి అద్దానికి ఆనించి 11 ఫొటోలు తీశాను. తొమ్మిదింటిలో గడ్డి, రెండింట్లో నువ్వుగింజంత గద్ద. చూసిన పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో హెన్ హారియర్ అని పెడితే రికార్డులు పరిశీలించే ఆయన "వేళ్లు లెక్కపెట్టగల ఫొటో ఏమైనా ఉందా అండీ?" అని మర్యాదగా అడిగారు. లేదు. నేనే దాన్ని "ఏ జాతో తేలని హారియర్" అని మార్చాను. కాస్త కడుపు మండింది.

లోపాలు ఇవి. తెల్లటి ఆకాశం మీద గద్దను చూస్తే అంచున ఊదారంగు గీత వస్తుంది, వేళ్లు లెక్కపెట్టే వేళకు అదే అడ్డం. ఎండను వీపు వైపు పెట్టుకుని, గద్ద గడ్డి మీదుగా పోయేటప్పుడు చూస్తే ఆ బాధ లేదు. పట్టీ మెడ కోస్తుంది, పాత స్కూలు బ్యాగు పట్టీ వేశాను. అన్నిటికన్నా పెద్దది, డబ్బా మీద వాటర్‌ప్రూఫ్ అని ఉన్నా రెండో చలికాలం మంచుకు లోపలి అద్దానికి ఆవిరి పట్టింది. సర్వీసుకు పంపితే 26 రోజులు, కొరియర్ ఖర్చు మనదే. తిరిగొచ్చేసరికి ఫిబ్రవరి ఆఖరు, పిల్లిగద్దలు పలచబడ్డాయి.

ఐదుకు మూడున్నర ఇస్తాను. ఫోన్ బిగించే క్లిప్పు ఒకటి విడిగా కొన్నా. దాని సంగతి అక్టోబరులో పిల్లిగద్దలు దిగాక రాస్తాను.