కారు ఫ్రిజ్‌కు డిక్కీ దాకా కరెంటు: ఆటోనగర్‌లో చేయించుకున్న పనిపై సమీక్ష

డిక్కీలో పెట్టుకునే కంప్రెసర్ ఫ్రిజ్‌తో పాటు వచ్చే 12 వోల్టుల వైరు చాలా కార్లలో ముందున్న సిగరెట్ లైటర్ సాకెట్ వరకు అందదు. అందినా సీట్ల మధ్య వేలాడుతూ ఎక్కి దిగేవారి కాళ్లకు తగులుతుంది. మే నెల ఎండల్లో మా అమ్మగారి ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచుతూ దూరప్రయాణం చేయవలసి ఉన్నందున, మాకు ఇది తప్పనిసరిగా తేల్చుకోవలసిన విషయం. విజయవాడ ఆటోనగర్‌లోని ఒక చిన్న ఆటో ఎలక్ట్రికల్ దుకాణంలో చేయించుకున్న ఆ పని గురించి, ఇదే అవసరం ఉన్నవారికి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

మేము మొదట వాడినది ఆన్‌లైన్‌లో దొరికిన రెడీమేడ్ ఎక్స్‌టెన్షన్ వైరు. ఇంజన్ నడుస్తున్నంతసేపు ఫ్రిజ్ బాగానే పనిచేసేది కానీ, ఇంజన్ ఆపిన కాసేపటికే, బ్యాటరీలో ఛార్జింగ్ ఉన్నప్పటికీ, లో వోల్టేజ్ అని చూపించి ఆగిపోయేది. దుకాణంలోని మెకానిక్ ఫ్రిజ్‌ను అనుమానించకుండా ముందుగా మీటరు తీశారు. కంప్రెసర్ తిరుగుతుండగా ముందు సాకెట్ వద్ద 12.4 వోల్టులు, వైరు చివర 11.3 వోల్టులు ఉన్నట్లు చూపించారు. తరువాత వైరు కొస ఒలిచి, ఒక పోగును బ్లేడుతో గీకారు. పైన రాగి రంగు, లోపల రాగి కన్నా ఎక్కువ వోల్టేజ్ పోగొట్టే తెల్లటి అల్యూమినియం! వైరు మీద ముద్రించిన మందాన్ని మాత్రమే చూసి కొనేవారికి ఈ తేడా తెలిసే అవకాశమే లేదు.

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. ఈ ఫ్రిజ్‌లు కంప్రెసర్ తిరిగేటప్పుడు సుమారు 4 నుంచి 5 ఆంపియర్ల కరెంటు తీసుకుంటాయి. వైరు పొడవు 4 మీటర్లయితే కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి 8 మీటర్లుగా లెక్కించాలి. 5 ఆంపియర్ల వద్ద అసలైన రాగి వైరైనా 0.75 చదరపు మిల్లీమీటర్ల మందానికి దాదాపు 0.9 వోల్టు మధ్యలోనే పోతుంది. 4 చదరపు మిల్లీమీటర్ల వైరులో పోయేది 0.2 వోల్టు కన్నా తక్కువ. ఇంట్లో 230 వోల్టుల లైనులో ఒక వోల్టు తగ్గితే ఎవరూ గమనించరు గాని, 12 వోల్టుల దగ్గర బ్యాటరీ రక్షణ కోసం ఫ్రిజ్ తనంతట తాను ఆగిపోవడానికి అదే చాలు. పొడవు పెరిగినకొద్దీ మందమూ పెరగాలన్న ఈ సంగతిని ఆ మెకానిక్ ఎంతో ఓపికగా, మీటరు చూపిస్తూ చెప్పారు. ఈ దుకాణం నాకు నచ్చడానికి మొదటి కారణం అదే.

ఎక్స్‌టెన్షన్ అడిగిన మాకు, బ్యాటరీ నుంచి డిక్కీకి విడిగా లైను వేయించుకోమని ఆయనే సలహా ఇచ్చారు. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరును బానెట్ నుంచి రబ్బరు గ్రామెట్ (రంధ్రం అంచుకు వైరు ఒరుసుకోకుండా ఉండే రింగు) గుండా లోపలికి తెచ్చి, డోర్ల కింది పట్టీల అడుగు నుంచి డిక్కీ వరకు నడిపారు. బ్యాటరీకి ఆనుకునే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టారు. దారిలో ఎక్కడైనా వైరు ఒరుసుకుని బాడీకి తగిలినా మంటలు రాకుండా ముందే లైను తెగిపోవాలంటే ఫ్యూజు ఉండవలసిన చోటు అదే. డిక్కీ చివర పెడితే ఆ ప్రయోజనం ఉండదు. వైరు కొసలకు వేసే లోహపు లగ్గులను క్రింపింగ్ టూల్‌తో నొక్కి, పైన స్లీవ్ వేడిచేసి బిగించారు. ఫ్రిజ్‌తో వచ్చిన కంపెనీ వైరును ముట్టుకోలేదు కనుక ఫ్రిజ్ వారంటీకి ఇబ్బంది లేదు. పని ముగిశాక అదే లోడు మీద డిక్కీ సాకెట్ దగ్గర 12.2 వోల్టులు వచ్చాయి.

లోపాలూ చెప్పాలి. తొలుత బిగించిన సాకెట్‌లో పట్టు సరిగా లేదు. గతుకుల రోడ్డు మీద ప్లగ్గు కదిలి ఫ్రిజ్ ఆగిపోయింది, ప్లగ్గు మొన కూడా బాగా వేడెక్కింది. తిరిగి వెళితే మారుమాట లేకుండా గట్టి సాకెట్ వేసి, సామాను తగలని పక్కకు మార్చారు, కూలి అడగలేదు. అయితే పూటలో అవుతుందన్న పని మరుసటి రోజుకు గాని పూర్తికాలేదు. బిల్లులో వైరు మందం, ఫ్యూజు విలువ రాయలేదు. ఆ వివరాలు అడిగి రాయించుకోవాలి.

ఈ లైను కారు ఆపి తాళంచెవి తీసేసినా పనిచేస్తూనే ఉంటుంది. అందువల్ల ఫ్రిజ్‌లో బ్యాటరీ రక్షణను ‘హై’ మీద ఉంచాలి, లేకపోతే ఉదయానికి ఇంజన్ స్టార్ట్ కాకపోవచ్చు. ఫ్రిజ్‌ను వెనుక సీటు మీదే పెట్టుకుని, కారు నడిచేటప్పుడు మాత్రమే వాడేవారికి ఇంత పని అక్కరలేదు. కంపెనీ వైరు అందకపోతే 4 చదరపు మిల్లీమీటర్ల అసలైన రాగితో, ఫ్యూజున్న ప్లగ్గుతో చిన్న ఎక్స్‌టెన్షన్ ఇదే దుకాణంలో కట్టించుకుంటే సరిపోతుంది.