బిర్రబిగిసిన జెండా: 'ది బుక్ ఆఫ్ ది న్యూ సన్'తో ఆరేళ్ళు

జీన్ వుల్ఫ్ రాసిన సైన్స్ ఫిక్షన్ నవల 'ది బుక్ ఆఫ్ ది న్యూ సన్' నాలుగు సంపుటాలూ నేను రెండున్నర సార్లు చదివాను. ఆ అర మొదటిసారిది, సగంలో వదిలేసింది. ఆరిపోతున్న సూర్యుడు, చిత్రహింసలు పెట్టేవాళ్ళ సంఘంలో పెరిగిన సెవేరియన్ అనే కుర్రాడు, వాడి పొడవాటి కత్తి, సంఘం నుంచి వెలి, దేశమంతా ప్రయాణం... ఇవన్నీ ఈ పుస్తకం పేరు విన్న ప్రతివాళ్ళకీ తెలిసినవే, వాటి జోలికి పోను. నాకు చెప్పాలని ఉన్నది ఒక్క గుణం గురించి. ఈ పుస్తకం వస్తువులన్నీ మన కళ్ళ ముందే పెడుతుంది, అవి ఏమిటో మాత్రం చెప్పదు. నేను దీన్ని వదిలేసింది ఆ గుణం వల్లే. ఇప్పుడు నా మంచం పక్క నుంచి ఈ పుస్తకాలు కదలకపోవడానికీ అదే కారణం.

2019 ఏప్రిల్‌లో వుల్ఫ్ చనిపోయినప్పుడు వచ్చిన నివాళులు చదివి కొన్నాను. ఇప్పుడవి రెండేసి సంపుటాలు కలిపి రెండు లావు పుస్తకాలుగా దొరుకుతాయి. నేను ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరుని. తెలియని భాగం కనిపిస్తే మాన్యువల్ తీసి చూడడం నా వృత్తి నేర్పిన అలవాటు. పుస్తకాన్నీ అలాగే చదివాను. ఆర్మిజర్, ఆప్టిమేట్, డెస్ట్రియర్, ఫ్యులిజిన్, కెకోజెన్. మాట కనిపిస్తే ఆగడం, డిక్షనరీ చూడడం, నోటుబుక్కులో రాసుకోవడం. నలభై పేజీలు దాటేసరికి నోటుబుక్కులో నూరు మాటలయ్యాయి. కథలో ఎవరు ఎక్కడున్నారని అడిగితే చెప్పలేను. అలా ఈడ్చుకుంటూ నాలుగు నెలలకి రెండో సంపుటంలో ఉన్న నాటకం దాకా వచ్చాను. కథ మధ్యలో డాక్టర్ టాలోస్ అనే పాత్ర రాసిన నాటకం పూర్తిగా, సంభాషణలతో సహా వస్తుంది. అందులో ఒక్క పాత్రా నాకు అందలేదు. పుస్తకం మూసి అలమారలో పెట్టేశాను. సైన్స్ ఫిక్షన్ రచనలకిచ్చే నెబ్యులా బహుమతి వచ్చింది ఈ రెండో సంపుటానికేనని తర్వాత తెలిసి ఇంకా బాధపడ్డాను.

మళ్ళీ తీయించింది మా నాన్న జ్ఞాపకం. ఆయన తెలుగు పండితుడు. చిన్నప్పుడు సెలవుల్లో నన్ను కూర్చోబెట్టి వసుచరిత్ర పద్యాలు చదివేవారు. ముందు పద్యం మొత్తం రాగంతో చదివేవారు, తర్వాత ఇంకోసారి. నేను మధ్యలో "ఈ మాటకి అర్థం ఏంటి నాన్నా?" అంటే, "ఆగరా, ముందు చెవిలో పడనీ" అనేవారు. పదవిభాగం, ప్రతిపదార్థం, తాత్పర్యం అన్నీ తర్వాతే. కొన్ని పద్యాలకి ఆ తర్వాత అనేది నాకు పదేళ్ళకి వచ్చింది. గుడిలో పురాణం వినే ముసలమ్మలకి ప్రతి సంస్కృత సమాసం విడిపోయేదా? కథ ఎక్కడ ఉందో మాత్రం వాళ్ళకి తప్పేది కాదు.

రెండోసారి నోటుబుక్కు, ఫోను ముట్టుకోకుండా అలా చదివాను. మొదటి సంపుటం చివర అనుబంధంలో వుల్ఫ్ ఒక మాట చెబుతాడు: ఇది ఇంకా పుట్టని భాషలోంచి తాను చేసిన అనువాదమట, ఆ కాలపు వస్తువులకి మన దగ్గర పేర్లు లేవు కాబట్టి దగ్గరగా ఉన్న పాత మాటలు వాడాడట. సొంతంగా కల్పించిన మాటలు కావు, ఎప్పుడో ఎవరో వాడి వదిలేసినవి. ఇది తెలిశాక నా గుండె తేలికపడింది. ప్రబంధం చదివేటప్పుడు మనం చేసేదీ ఇదే కదా. తత్సమం మొత్తం తెలియకపోయినా ధాతువు వాసన తగులుతుంది, దాన్ని పట్టుకుని ముందుకెళతాం. ఫ్యులిజిన్ అంటే లాటిన్‌లో మసి అని నాకు తెలియకపోయినా, నలుపు కన్నా నల్లని రంగని సెవేరియనే చెబుతాడు, అది చాలు. వాడి కత్తి లోపల ఒక గాడి ఉంటుంది, అందులో ద్రవం కదులుతుంది, కత్తి ఎత్తితే బరువు పిడివైపుకి, దించితే మొనవైపుకి పోతుంది. ఆ ద్రవం పేరు హైడ్రార్జిరమ్. నేను ఉలిక్కిపడ్డాను, ఎందుకంటే ఆ మాట నాకు తెలుసు! హైస్కూల్లో పాదరసానికి హెచ్‌జీ అని గుర్తు ఎందుకో సైన్సు మాస్టారు చెప్పారు, అక్కడిది. రాసిన మనిషీ ఇంజనీరే. ప్రింగిల్స్ చిప్స్ తయారుచేసే యంత్రం రూపకల్పనలో పాలుపంచుకున్నవాడు, తర్వాత ప్లాంట్ ఇంజనీరింగ్ అనే పత్రికకి సంపాదకుడు. ఆ కత్తిని ఊహించింది ప్లాంటు మనిషే అని చదివిన క్షణంలో అనిపించింది.

మూడు నెలల్లో నాలుగు సంపుటాలూ అయిపోయాయి. కథ అర్థమైంది, ఏడుపు వచ్చిన చోట్లున్నాయి, చివరికొచ్చాక చాలా తృప్తిగా అనిపించింది. పుస్తకం నాకు లొంగిందనే అనుకున్నాను.

తర్వాత ఏడాదికి, అప్పుడు ఆరో తరగతిలో ఉన్న మా అమ్మాయి స్కూల్లో చంద్రయానం మీద చార్టు వెయ్యాల్సి వచ్చింది. 1969లో అపోలో 11 మనుషులు చందమామ మీద జెండా పాతిన బొమ్మ వేస్తోంది. "నాన్నా, అక్కడ గాలి లేదుగా, జెండా ఎలా నిలబడింది?" అని అడిగింది. పైఅంచు వెంట అడ్డంగా ఒక కమ్మీ దూర్చారమ్మా, అందుకే అలా బిర్రుగా ఉంటుంది అన్నాను. బిర్రుగా అన్న మాట నోట్లోంచి రావడం, నేను ఆగిపోవడం ఒకేసారి జరిగాయి. ఇలాంటి జెండా నేను ఎక్కడో చదివాను. హెల్మెట్ ముందుభాగానికి బంగారు పూత ఎందుకు వేస్తారో కూడా ఆ పిల్లే అడిగింది. ఎండ నుంచి కళ్ళని కాపాడ్డానికి అని చెబుతూనే లేచి వెళ్ళి మొదటి సంపుటం తీశాను.

ఐదో అధ్యాయం. ఖైదీ థెక్లా కోసం పుస్తకాలు తేవడానికి సెవేరియన్‌ని గ్రంథాలయానికి పంపుతారు. దారిలో రూడిసిండ్ అనే ముసలాయన నిచ్చెనెక్కి పాత బొమ్మలు శుభ్రం చేస్తుంటాడు. ఒక బొమ్మలో కవచం తొడుక్కున్న యోధుడు. చుట్టూ ఏమీ మొలవని నేల. చేతిలో ఆయుధం లేదు, ఒక కర్ర ఉంది, దానికి వింతగా బిగుసుకుపోయిన జెండా. శిరస్త్రాణం ముఖం మొత్తం బంగారమే, చూడ్డానికి కన్నాలు కూడా లేవు, అందులో ఆ ఎడారి ప్రతిబింబం తప్ప ఇంకేం లేదు. ఆ యోధుడి భుజం మీదుగా నీలంగా ఏదో లేస్తోంది, అది మన భూమేనని ముసలాయన అంటాడు. చందమామ అన్న మాట కూడా అక్కడే ఉంది. పైన నీళ్ళు పారించక ముందు వేసిన బొమ్మ ఇది, అప్పట్లో అది ఇలా బూడిదరంగులో ఉండేదట, ఇప్పట్లా పచ్చగా కాదు, అని. సెవేరియన్ కాలంలో చందమామ నిండా అడవులు.

అన్నీ అక్కడే ఉన్నాయి. రెండుసార్లు చదివాను, రెండుసార్లూ ఆ పేజీ దాటిపోయాను. మొదటిసారి నోటుబుక్కు తీసి చూసుకుంటే ఆ పేజీల దగ్గర ఏవో మూడు మాటల అర్థాలు రాసి ఉన్నాయి. జెండా గురించి ఒక్క ముక్క లేదు. మాటలు వెతికే హడావిడిలో బొమ్మ చూడలేదు. రెండోసారి కథ వెంట పరుగెత్తుతూ చూడలేదు. సెవేరియన్‌కి తెలియదు కాబట్టి చెప్పడు. ముసలాయనకి అదొక పాత బొమ్మ. ఆ గదిలో మన ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్‌ల జ్ఞాపకం లక్షల ఏళ్ళ దుమ్ము కింద వేలాడుతోందని గుర్తుపట్టగలిగింది చదివే మనిషి ఒక్కడే. నాకు ఒళ్ళు జలదరించింది. మా అమ్మాయిని పిలిచి ఆ పేరా చదివి వినిపించాను. "అది ఆస్ట్రోనాట్ కదా" అంది, వెంటనే. పదకొండేళ్ళ పిల్ల.

ఆ రాత్రే మొదటి పేజీ నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. సెవేరియన్ తన సంఘం ఉండే బురుజు గురించి చెబుతూ మధ్యలో ప్రొపల్షన్ చాంబర్ (వాహనాన్ని ముందుకి నెట్టే శక్తి పుట్టే గది) అనే మాట దొర్లిస్తాడు. ప్లాంటులో ఇరవై ఏళ్ళు పనిచేసిన నేను ఆ మాట మీద ఆగకుండా ఎలా వెళ్ళానో ఇప్పటికీ అర్థం కాదు. ఇలాంటివి ఇంకెన్నో ఉన్నాయి. అవి చెబితే మీ ఆనందం నేను తినేసినట్టవుతుంది, కాబట్టి ఆపుతున్నాను.

మన లక్షణకారులు ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అన్నారు. దీన్ని చాలామంది నారికేళం అంటారు. నాకిప్పుడు అలా అనిపించడం లేదు. కొబ్బరికాయకి పీచు, చిప్ప పైకే కనబడతాయి. ఇది పైకి అరటిపండులానే ఉంటుంది. ప్రయాణం, ప్రేమ, కత్తియుద్ధం, చక్కగా సాగే వాక్యాలు. ఒలుచుకుని తినేస్తాం. ఇంకో పండు లోపలే ఉండిపోయిందని ఏడాది తర్వాత తెలుస్తుంది.

ఇందులో కథల్లో కథలూ ఉన్నాయి. కాశీమజిలీ కథలు చదివినవాళ్ళకి ఆ అల్లిక కొత్తగా అనిపించదు. ప్రయాణంలో ఒక మజిలీ, అక్కడో కథ. కాకపోతే అక్కడ గోపడు అడిగితే మణిసిద్ధుడు విప్పి చెబుతాడు. ఇక్కడ విప్పేవాడు లేడు. నాలుగో సంపుటంలో గాయపడిన సైనికులు పందెం పెట్టుకుని తలా ఒక కథ చెప్పే ఘట్టం ఉంది. శత్రుదేశపు ఖైదీ ఒకడికి ప్రభుత్వం ఆమోదించిన వాక్యాలు తప్ప వేరే మాట్లాడడం రాదు. ఆ అరువు వాక్యాలతోనే అన్యాయానికి గురైన ఒక మామూలు మనిషి కథ చెబుతాడు, పక్కన ఒకమ్మాయి అర్థం చెబుతుంటుంది. అంత చిన్న అధ్యాయంలో అంత జాలి నేను వేరే ఎక్కడా చదవలేదు. మిగతాది చదవకపోయినా ఆ అధ్యాయం ఒక్కటీ ఎవరికైనా చదివి వినిపిస్తాను.

డిక్షనరీ అక్కర్లేదన్నట్టు పైన రాశాను. అది మొదటి చదువుకే. మూడోసారి చదివేటప్పుడు మాటల మూలాలు వెతికి చూస్తే ఆనందం రెట్టింపైంది. ఈ మాటల కోసమే మైకేల్ ఆండ్రీ డ్రియుస్సీ అనే ఆయన 'లెక్సికన్ అర్తస్' అని నిఘంటువు కూడా వేశాడు. ఇంకో సంగతి, ధాతువు వాసన అన్నాను కానీ సంస్కృతం వాసన వేరు, లాటిన్, గ్రీకు వాసన వేరు. మనకి ఇంటి నుంచి వచ్చింది మొదటిదే. ఇంగ్లీషు నవలలు తరచుగా చదవనివాళ్ళకి తొలి వంద పేజీలు నిజంగానే కష్టం. నా పద్ధతి వాళ్ళకి పనిచేస్తుందని మాట ఇవ్వలేను. ఒకటి రెండు సైన్స్ ఫిక్షన్ నవలలు ముందే చదివి ఉంటే మేలు.

నా మనసు ఒప్పుకోని విషయం ఒకటుంది. స్త్రీలని సెవేరియన్ చూసే చూపు. పుస్తకంలో ఉన్న ప్రతి ఆడమనిషి అందాన్నీ కొలుస్తాడు, కొందరిని గాయపరుస్తాడు, ముఖ్యంగా జొలెంటా అనే స్త్రీతో పడవలో జరిగింది చదివి నేను పుస్తకం కింద పెట్టేశాను. తాను దేన్నీ మరిచిపోనని ప్రగల్భాలు పలికే మనిషి, కొంత మతిచెడినవాణ్ణని కూడా ఒప్పుకునే మనిషి, మనకి అన్నీ నిజమే చెబుతున్నాడా అన్న అనుమానం రచయిత కావాలనే నాటాడు. అది తెలుసు. తెలిసినా ఆ పేజీలు నాకు తేలిక కాలేదు. మొదటి రెండు చదువుల్లో నేను దీన్ని పెద్దగా పట్టించుకోలేదు, ఇప్పుడు ఇంట్లో ఆడపిల్ల ఎదుగుతుంటే పట్టించుకుంటున్నాను. ఆస్ట్రోనాట్‌ని గుర్తుపట్టిన పిల్లకి పుస్తకం ఇంకా ఇవ్వలేదు. పద్దెనిమిది నిండాక తనే నిర్ణయించుకుంటుంది.

కొనమంటారా అని అడిగితే, నా పరిస్థితి చెబుతాను. నాకు రాత్రి షిఫ్టులుంటాయి, తెల్లవారుజామున గంటసేపు ఎవరూ పలకరించని సమయం దొరుకుతుంది, చదివిందే మళ్ళీ చదివే అలవాటు మా నాన్న నుంచి వచ్చింది. ఈ మూడింట్లో ఏదీ లేకపోతే ఇది ఇంత నచ్చేది కాదేమో. ఒక్కసారే చదివి పక్కన పెట్టేవాళ్ళకి ఇందులో దొరికేది సగమే. 1987లో వచ్చిన ఐదో పుస్తకం 'ది అర్త్ ఆఫ్ ది న్యూ సన్' కూడా చదివాను. కొన్ని ముళ్ళు అది విప్పేస్తుంది, అందుకే నాకు కాస్త తక్కువగా నచ్చింది. నాలుగూ అయ్యాక కనీసం ఏడాది ఆగి చదవండి.

రెండు లావు పుస్తకాలూ ఒకేసారి కొనకండి. మొదటిది తీసుకుని, మొదటి సంపుటంలో బొటానిక్ గార్డెన్స్ ఘట్టం దాకా చదవండి. అక్కడ శవాలని ముంచే సరస్సు మీద ముసలి పడవవాడు ఒకడు కనిపిస్తాడు, భార్య శవం కోసం ఏళ్ళ తరబడి వెతుకుతున్నానంటాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ నెమ్మదిగా చదవండి. నేను మొదటిసారి ఆయన్నీ దాటిపోయాను.