శాన్‌ఫ్రాన్సిస్కోకు ఢిల్లీ మీదుగానా, సింగపూర్ మీదుగానా?

గత వేసవిలో మేమిద్దరం శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి వచ్చామని తెలిసినప్పటి నుంచి, కూతురి పురిటికో మనవడి అన్నప్రాశనకో అక్కడికి వెళ్లవలసిన శ్రీకాకుళం వారు నన్ను అడుగుతున్నది ఒక్కటే: విశాఖలో విమానం ఎక్కాక ఏ ఊరి మీదుగా వెళ్లడం మేలు?

విశాఖ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే సుమారు 13,300 కిలోమీటర్లు వస్తుంది. ఢిల్లీ మీదుగా 13,700 అవుతుంది కనుక ఆ ఊరు దాదాపు దారిలోనే ఉన్నట్టు. సింగపూర్ మీదుగా అయితే 2,900కు 13,600 చేర్చి 16,500 లెక్క వేసుకోవాలి. ఇంత చుట్టు ఎందుకనిపించడం సహజమే కాని, కాలం ఆ లెక్కన పెరగదు. పసిఫిక్ మీద ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే గాలి విమానాన్ని వెనుక నుంచి తోస్తుంది. 2016లో ఎయిరిండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపుకు మళ్లించినప్పుడు, దూరం 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకు పెరిగినా ప్రయాణం 14½ గంటల్లోనే ముగిసింది. తిరుగు ప్రయాణంలో మాత్రం అదే గాలి ఎదురవుతుంది. సింగపూర్ చేరడానికి దాదాపు 17 గంటలు కూర్చోవాలి.

అయినా మా వయసు వారికి అసలు కష్టం గాలిలో కాదు, దిగి మరో విమానం ఎక్కే చోట. ఢిల్లీ దారిలో ఇమ్మిగ్రేషన్ ఢిల్లీలో జరుగుతుంది. హిందీ, ఇంగ్లీషు రెండూ అంతంతమాత్రమైన వారు ఆ వరుసల్లో బెదిరిపోతారు. డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు వల్ల మొదటి విమానం ఆలస్యమైతే రెండోది అందదన్న భయం వేరే. సింగపూర్ దారిలో ఆ తనిఖీ విశాఖలోనే, తెలుగు వినబడే చోటనే పూర్తవుతుంది. ఆ తరువాత చేతిసంచితో ఒక గేటు నుంచి మరో గేటుకు వెళ్లడమే పని. అందుకే మేము సింగపూర్‌నే ఎంచుకున్నాము, మళ్లీ వెళ్లినా అదే దారి.

అయితే రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉండాలి. చౌక అని విడివిడిగా కొంటే సామాను తీసుకోవడానికి సింగపూర్‌లో ఇమ్మిగ్రేషన్ దాటి బయటకు రావలసి వస్తుంది. వీల్‌చైర్ కూడా టికెట్టు కొనేటప్పుడే అడిగి పెట్టుకోవడం మంచిది.

హైదరాబాదు, దుబాయి మీదుగా వెళ్లే దారి 16,000 దాటుతుంది, పైగా రెండు చోట్ల మారాలి; తోడు ఉన్నవారు ఆలోచించవచ్చు. విమానాలు భోగాపురం కొత్త విమానాశ్రయానికి మారితే శ్రీకాకుళం వారికి రోడ్డు ప్రయాణం తగ్గుతుంది గాని, ఆకాశంలో ఈ లెక్క మారదు.