మంచు పడ్డ రోజు ముద్దొచ్చే కారు: డబ్ల్యూఆర్ఎక్స్‌తో ఎనిమిదేళ్లు

ముందే చెప్పేస్తున్నా, సున్నా నుంచి అరవై మైళ్లకు ఎన్ని సెకన్లు, ఎంత హార్స్‌పవర్ లాంటివి ఇందులో ఉండవు. అవి ఎక్కడైనా దొరుకుతాయి. మిషిగన్‌లో, నోవై దగ్గర, ఒకే కారుతో ఎనిమిది చలికాలాలు గడిపినవాడి మాటగా చదువుకోండి.

2014 చివర్లో నా లిస్టులో రెండే మిగిలాయి. ఒకటి బీఎండబ్ల్యూ 328ఐ ఎక్స్‌డ్రైవ్, రెండోది అప్పుడే కొత్త మోడల్‌గా వచ్చిన సుబారు డబ్ల్యూఆర్ఎక్స్. ధరలో పదివేల డాలర్ల దాకా తేడా ఉన్న కార్లను పక్కపక్కన పెట్టడమేంటని కొందరన్నారు గానీ, రెండూ టర్బో బళ్లే, రెంట్లోనూ ఇంజన్ బలం నాలుగు చక్రాలకూ వెళ్తుంది, రెంట్లోనూ వెనక పాప సీటు పడుతుంది, నాకు కావాల్సింది అంతే. నేను మాన్యువల్ గేర్ల డబ్ల్యూఆర్ఎక్స్ తీసుకున్నాను. నెల తిరక్కుండా మా బావమరిది ఆ 328ఐనే లీజుకు తెచ్చుకున్నాడు. దాంతో నేను వద్దనుకున్న కారు ప్రతి శనివారం మా ఇంటి ముందే వచ్చి ఆగేది. వారాల తరబడి ఒకరి బండి ఒకరం మార్చుకుని నడిపాం కూడా, కాబట్టి రెండింటి గురించీ మాట్లాడే హక్కు కొంచెం ఉందనుకుంటున్నా.

గుంటూరులో మా నాన్నకి ఫోన్ చేసి చెబితే, "సుబారా? అదేం కంపెనీరా, ఎప్పుడూ వినలేదే. ఆ బీఎండబ్ల్యూ రాలేదా?" అన్నారు. వినలేదు గానీ చూసే ఉంటారు. షెవర్లే ఫారెస్టర్ అని కొన్నేళ్ల పాటు మన దగ్గర అమ్మింది సుబారు బండినే, పేరు మార్చి. ఆ మాట చెప్పినా ఆయనకు ఎక్కలేదు. తర్వాత ఇక్కడికి వచ్చినప్పుడు కారు ముందు నిలబడి ఆ గుర్తులో చుక్కలు లెక్కపెట్టి, ఆరున్నాయేంటని అడిగారు. జపాన్ భాషలో సుబారు అంటే కృత్తికా నక్షత్రం నాన్నా అన్నాను. "అలా చెప్పు మరి!" అన్నారు. ఆ రోజు నుంచి కంపెనీ మంచిదైపోయింది.

సరే, అసలు సంగతి మంచు.

ఈ కారు మీద నాకున్న ప్రేమంతా ఒక రాత్రి పుట్టింది. కొన్న రెండో చలికాలం, జనవరిలో ఒక ఆదివారం, షికాగో పక్కన అరోరా బాలాజీ గుడికి వెళ్లి రెండు కార్లలో తిరిగొస్తున్నాం. నా బండిలో నేనూ, మా ఆవిడా, పాపా. వెనక బావమరిది బీఎండబ్ల్యూలో వాడూ, మా అత్తగారూ. అత్తగారు వాడి కారే ఎందుకు ఎక్కారో తర్వాత చెప్తాను.

షికాగో నుంచి ఇటు వచ్చేవాళ్లకు తెలుసు, ఐ-94 హైవే మీద ఇండియానా దాటి మిషిగన్‌లోకి వచ్చాక కలమజూ దాకా ఆ రోడ్డును నమ్మడానికి లేదు. పడమటి నుంచి వచ్చే చలిగాలి మిషిగన్ సరస్సు మీదుగా వస్తూ తేమ పీల్చుకుని, ఒడ్డు దాటగానే ఇవతల మంచుగా దిమ్మరిస్తుంది. అదీ అంతటా కాదు, చారలు చారలుగా. ఒక మైలు నక్షత్రాలు కనిపిస్తాయి, తర్వాతి మైల్లో ఎవరో కళ్లకు తెల్ల దుప్పటి కప్పినట్టు ఉంటుంది. బెంటన్ హార్బర్ దాటాక మాకు ఆ దుప్పటే దొరికింది. లేన్లు లేవు, ముందు ట్రక్కు ఎర్ర దీపాలు తప్ప ఏమీ లేవు. గంటకు పాతిక మైళ్లు. రోడ్ల మధ్య పల్లంలోకి దిగిపోయిన కార్లు లెక్కపెట్టడం తొమ్మిది దగ్గర ఆపేశాను.

పాప బాత్రూం అంది. పా పా అనే ఊరి దగ్గర (పేరు నిజంగా అదే) ఎగ్జిట్ తీసుకున్నాం. అక్కడ ర్యాంప్ ఎత్తుగా ఉంది, ముందు ఒక పికప్ ట్రక్కు అడ్డం తిరిగి ఉంది, దాని వల్ల నేను సరిగ్గా ఎత్తు మధ్యలో పూర్తిగా ఆగాల్సి వచ్చింది. అడుగు మందాన మంచు. అలాంటి చోట ఆగితే ఇక లేవడం ఉండదని ఇక్కడ అందరూ చెబుతారు. సెకండ్ గేర్‌లో వేసి, యాక్సిలరేటర్ మీద కాలు ఆనీ ఆనకుండా పెట్టి, క్లచ్ కొంచెం కొంచెంగా వదిలాను. అరచేతిలో పిట్టను పట్టుకుని మెల్లగా వదులుతాం చూడండి, అలా. ఒక్క చక్రం కూడా ఊరికే తిరగలేదు. కింద మంచు కరకరమనడం వినిపించింది, బండి మాత్రం ఏదో తాడు కట్టి లాగుతున్నట్టు నింపాదిగా పైకి ఎక్కేసింది. మా ఆవిడ డ్యాష్‌బోర్డు మీద చెయ్యి తీసి, "పోనీలెండి, దీనికీ ఒక పనుంది" అంది. ఆవిడ నోట ఈ కారుకు వచ్చిన మొదటి మెప్పు అదే. చివరిది కూడా దాదాపు అదే.

వెనక బావమరిది ఆ ఎత్తు మీద ఆగి మళ్లీ కదలలేకపోయాడు. వెనక్కి దిగి, పక్కకు తిప్పుకుని, నాలుగోసారికి ఎక్కాడు. అత్తగారు ఇక వాడి కారు ఎక్కనంటే ఎక్కనన్నారు. మా కారు వెనక సీట్లో పాప పక్కన ఇరుక్కుని నోవై దాకా లలితాసహస్రనామం చదువుతూ వచ్చారు.

ఇక్కడ ఆపేస్తే మంచి కథే, నేనూ చాలామందికి ఇక్కడ ఆపే చెప్పాను. కానీ ఆ ర్యాంప్ పైకెక్కాక స్టాప్ గుర్తు ఉంది. విజయగర్వంతో మామూలుగా బ్రేకు వేశాను, ఏబీఎస్ పాదం కింద గడగడా కొట్టుకుంది, బండి స్టాప్ గుర్తు దాటి సగం కూడలిలోకి వెళ్లి ఆగింది. ఎవరూ రాలేదు కాబట్టి సరిపోయింది. నాలుగు చక్రాలకూ బలం వెళ్లేది కదలడానికి. ఆగడానికి కాదు. బ్రేకు ఏ కారుకైనా నాలుగు చక్రాలకే ఉంటుంది కదా.

ఇంకో సంగతి, ఇది ఒప్పుకోవడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది. ఈ కారు షోరూం నుంచి వేసవి టైర్లతో వస్తుంది. చలికి ఆ రబ్బరు గట్టిపడిపోతుంది కాబట్టి మొదటి నవంబర్‌లోనే విడిగా నాలుగు స్నో టైర్లు కొని వేయించాను. బావమరిది బండికున్నవి అన్ని కాలాలకూ వాడే రన్‌ఫ్లాట్లు (పంక్చరైనా కొంత దూరం నడిచే టైర్లు), అవీ బాగా అరిగినవి, వాడి బద్ధకమే తప్ప కారు తప్పేం లేదు. మరుసటి చలికాలం వాడూ స్నో టైర్లు వేయించాక, మా ఊరి గుడి వెనక ఖాళీ పార్కింగ్‌లో రెండు బళ్లూ మార్చి మార్చి నడిపి చూశాం. నిలబడ్డ చోటు నుంచి లేవడంలో నాకు పెద్ద తేడా కనిపించలేదు. నాది ముందుకీ వెనక్కీ సమానంగా పంచుతుంది, వాడిది మామూలుగా వెనక చక్రాలకు కాస్త ఎక్కువిచ్చి అవసరాన్ని బట్టి మారుస్తుంది, అందుకని మలుపుల్లో వాడి బండి తోక ముద్దుగా ఊగేది. అంటే పా పా దగ్గర నేను సుబారుకు ఇచ్చిన మార్కుల్లో సగం టైర్లకు చెందాలి. సగం కన్నా ఎక్కువేనేమో.

ఈ కారులో ర్యాలీ పోటీల రక్తం ఉందని చాలామంది అంటారు. 1995లో కోలిన్ మెక్రే దీనికి మూలమైన సుబారు ఇంప్రెజాతో ప్రపంచ ర్యాలీ ఛాంపియన్ అయ్యాడు, నిజమే. 2008తో సుబారు ఆ పోటీల నుంచి తప్పుకుంది. నేను కొన్నది 2015 మోడల్. బానెట్ మీద ఉన్న ఆ నోరు మాత్రం షోకు కాదు, టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరచడానికి కింద ఉన్న ఇంటర్‌కూలర్‌కు గాలి అందించడానికి. మంచు పడ్డ తెల్లవారి అది ఇడ్లీ గుంటలో పిండిలా నిండిపోయి ఉంటుంది. పాప పెద్దదయ్యాక చేత్తో అది తీసి బయట పారేయడం దాని డ్యూటీ.

ఇప్పుడు టైర్ల గొడవ. మార్చి నెలలో ఇక్కడ పగలు కరిగి రాత్రి గడ్డకట్టి రోడ్లన్నీ గుంతలవుతాయి. మూడో ఏడాది ఐ-275 మీద అలాంటి గుంతలో పడి కుడివైపు ముందు టైరు పక్క చీలిపోయింది. నా దాంట్లో స్టెప్నీ ఉంది, చిన్నదే అయినా పనికొచ్చింది (బావమరిది కారులో స్టెప్నీయే లేదు, పంక్చరైనా కొంత దూరం నడుస్తుందనే ధైర్యంతో రన్‌ఫ్లాట్లు ఇచ్చారు). దగ్గర్లో ఉన్న ఒక టైర్ల షాపుకి వెళ్తే అరగంటలో ఒక కొత్త టైరు వేసి పంపించేశారు, మిగతా మూడింటి వంక చూడనైనా లేదు. నేనూ సంతోషంగా వచ్చేశాను. రెండు వారాల తర్వాత పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు బండి ఎవరో వెనక్కి పట్టుకున్నట్టు బిగుసుకోవడం మొదలెట్టింది.

కార్ల విడిభాగాల కంపెనీలో పనిచేసే మా బావమరిది వచ్చి గేజ్‌తో గాడుల లోతు కొలిచాడు. పాత మూడూ అంగుళంలో 32 వంతుల్లో ఆరు, కొత్తది పది. "నాలుగు వంతులే కదరా" అన్నాను. "బావా, అది చక్రం మధ్య నుంచి అంచు దాకా తేడా. చుట్టూ లెక్కేస్తే ముప్పావు అంగుళం పైనే. నీ కారుకు పావు అంగుళం దాటకూడదు" అన్నాడు. ఒక చక్రం చిన్నదీ ఒకటి పెద్దదీ అయితే ముందూ వెనకా వేరే వేరే వేగాలతో తిరగాలి, ఆ తేడాను మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ (ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బలం పంచే భాగం) రాత్రింబగళ్లూ సర్దుకుంటూ వేడెక్కిపోతుంది. అది పోతే టైరు ఖర్చు కాదు, వేలల్లో పని. షాపుకి వెళ్లి అడిగితే మీరు చెప్పలేదు కదా అన్నారు. చివరికి తెలిసిందేంటంటే, కొత్త టైరును మెషీన్ మీద చెక్కి పాతవాటి లోతుకు తెచ్చి ఇచ్చేవాళ్లు ఉన్నారు. డబ్బిచ్చి కొన్న కొత్త రబ్బరును డబ్బిచ్చి గీకించుకోవడం, మా అమ్మకి చెబితే ఇప్పటికీ నమ్మదు. ఈ ఇబ్బంది ఇంజన్ బలం నాలుగు చక్రాలకూ వెళ్లే బళ్లన్నిటికీ ఎంతో కొంత ఉంటుంది, 328ఐకీ ఉంటుంది, కాబట్టి దీన్ని సుబారు ఖాతాలో వేయలేను. కానీ కొనేముందు నాకెవరూ చెప్పలేదు, అందుకే ఇంతసేపు చెప్పాను.

ఇక అత్తగారి మాట. మొదటిసారి ఎక్కినప్పుడు పది నిమిషాలు ఓపిక పట్టి, "బాబూ, ఈ కారుకు స్ప్రింగులు వేయించలేదా?" అన్నారు. ఆవిడ తప్పేం లేదు. రోడ్డు మీద అతుకు ఎక్కడుందో నడుముకు తెలుస్తుంది. హైవేలో టైర్ల మోత వల్ల వెనక కూర్చున్నవాళ్లతో కొంచెం గొంతు పెంచి మాట్లాడాలి. బీఎండబ్ల్యూలో ఆవిడ టోల్ గేటు దాటకముందే నిద్రపోయేవారు. ఆ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ ఎప్పుడు మారుతుందో తెలియదు, అంత మెత్తన. మొదట్లో అది నాకు చప్పగా ఉందనిపించింది. ఇప్పుడు ఐ-696 హైవే ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు హాఫ్ క్లచ్‌లో పాకుతూ ఇంటికొచ్చి ఎడమ మోకాలికి జండూబామ్ రాసుకునేటప్పుడు అంత చప్పగా అనిపించడం లేదు. పెట్రోలు కూడా వాడికి గాలన్‌కు ఇరవై ఎనిమిది వస్తే నాకు ఇరవై మూడు, ఇద్దరం పోసేది ఖరీదైన రకమే.

91 వేల మైళ్లయింది. క్లచ్ ఒకసారి మార్పించాను, అది నా కాలి పుణ్యమే. ఇంకా అమ్మలేదు. ఏడాదిలో మూడు వందల రోజులు ఇది నాకు కొంచెం విసుగు తెప్పిస్తుంది, మంచు పడ్డ ఆ కొద్ది రోజులు మాత్రం పొద్దున్నే ఏదో ఒక వంకతో పాలు తెస్తానని బయల్దేరుతాను. ఇది నాకు సరిపోయిందంటే నేను మిషిగన్‌లో ఉన్నాను, మా ఆవిడకి వేరే కారుంది, ఆటోమేటిక్‌ది, పాప సీటు ఒక్కటే పెట్టాల్సి వచ్చింది. ఇందులో ఏ ఒక్కటి మారినా నా లెక్క మారేది.

మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. పోయినేడు వాడూ ఇదే ప్రశ్న వేశాడు, అన్నయ్యా బీఎండబ్ల్యూనా, డబ్ల్యూఆర్ఎక్సా అని. మీ ఊళ్లో మంచు పడేదే అరుదు, మాట్లాడకుండా బీఎండబ్ల్యూ తీసుకో అన్నాను. వాడు రెండు వారాలు అన్నీ నడిపి చూసి, ఇద్దరు పిల్లల్నీ వెనక కూర్చోబెట్టి చూసి, హోండా ఒడిస్సీ కొన్నాడు.